ఎర్ర లైటు వెలిగితే ఇంజను దించేయడమేనా?

ఈమధ్య ఆటోనగర్‌లో ఏ షెడ్డుకు వెళ్లినా ఒకటే మాట. "ఆయిల్ ప్రెషర్ లేదండీ, బేరింగులు పోయాయి, ఇంజను దించాలి." ఆ ఇంజను ఆ బండితో పుట్టిందేనా, ఇంకో బండిది తెచ్చి ఎక్కించారా అని అడిగేవాడు లేడు. ప్రెషర్ పడిపోతున్నది పొద్దున చల్లగా ఉన్నప్పుడా, వేడెక్కాకా? స్లోలోనా, పరుగులోనా? అదీ అడగరు. డాష్‌బోర్డు మీద ఎర్ర లైటు వెలిగింది కాబట్టి దించేయడమే. అంత ఖర్చు పెట్టుకోలేనంటే చిక్కటి ఆయిల్ పోసి, లైటు ఆర్పి, తాళాలు చేతిలో పెట్టి పంపేస్తారు. మా రోజుల్లో ఈ పని చేసిన కుర్రాడి చేతిలోంచి మేస్త్రి పానా లాక్కునేవాడు.

ఇంజన్లు మార్చడం ఈ కాలం కుర్రాళ్లు కనిపెట్టిందేమీ కాదు. అంబాసిడర్‌లోని 1489 సీసీ పెట్రోల్ ఇంజనును మేపలేక టాక్సీలవాళ్లు మెటాడోర్ వ్యాను డీజిల్ ఇంజను ఎక్కించుకునేవాళ్లు. పెట్రోల్ జీపులు కూడా ఎన్నో అలాగే డీజిల్‌కు మారాయి. మౌంటింగులు కోసి వెల్డింగ్ పెట్టడం, బెల్ హౌసింగ్‌కు ప్లేటు లేత్ మీద చేయించడం, రేడియేటర్ జరపడం, అన్నీ ఒక్క షెడ్డులోనే జరిగేవి. కానీ ఒక నియమం ఉండేది. ఎక్కించిన ఇంజనుకు వెంటనే డీజిల్ ఇచ్చేవాళ్లం కాదు. చాలాకాలం పడి ఉన్న ఇంజనైతే ఆయిల్ పంపు ఎండిపోయి ఉంటుందని, విప్పి పళ్లచక్రాల మధ్య వాజలీన్ కూరి బిగించేవాళ్లం. డీజిల్ ఆపేసి సెల్ఫ్ కొట్టి, గేజి ముల్లు లేచిందని కళ్లతో చూశాకే స్టార్ట్ చేసేవాళ్లం. ఇప్పుడు ఇంజను కూర్చోబెట్టిన నిమిషంలోనే రేస్ చేసి సెల్‌ఫోన్‌లో వీడియో తీస్తున్నారు. ఎండిన బేరింగుల మీద క్రాంకు తిరిగే ఆ కాసేపట్లో ఎంత నష్టం జరుగుతుందో వాళ్లకు చెప్పేవాళ్లు లేరు.

అసలు ప్రెషర్ అంటే ఏమిటో తెలియకుండానే దాన్ని బాగుచేస్తామంటున్నారు. పంపు చేసేది ఆయిల్‌ను తోయడం వరకే. ఆ ఆయిల్‌కు దారి ఇరుకైతే ప్రెషర్ పుడుతుంది. పొలంలో బోరు పైపు మూతికి అరచెయ్యి అడ్డుపెడితే నీళ్లు ఎగజిమ్మినట్టు. బేరింగు అరిగి సందు పెరిగిందంటే చెయ్యి తీసేసినట్టే. వేడెక్కిన ఆయిల్ పలచబడుతుంది కాబట్టి ముల్లు కొంత దిగడం సహజం. వేడెక్కిన ఇంజను నిమిషానికి వెయ్యి చుట్లు తిరిగితే 10 పౌండ్లు, రెండు వేలు తిరిగితే 20 పౌండ్లు ఉంటే భయం లేదని పాత లెక్క. కంపెనీ పుస్తకంలో అంకె ఉంటే అదే ప్రమాణం. ఎర్ర లైటు మాత్రం చాలా బళ్లలో ప్రెషర్ అయిదు, ఏడు పౌండ్లకు పడిపోతేగానీ వెలగదు. నిజంగా ప్రెషర్ పోయి వెలిగిందంటే అప్పటికే ఆలస్యమైనట్టు.

ఇంజను మార్చిన బండిలో ఇంకో చిక్కుంది. అక్కడ లైటూ గేజీ రెండూ అబద్ధం చెప్పగలవు. డాష్‌బోర్డులో గేజి పాత బండిది, బ్లాకుకు బిగించిన సెండర్ కొత్త ఇంజనుది. ఒక రకం సెండర్ ప్రెషర్ లేనప్పుడు 10 ఓములు, నిండుగా ఉన్నప్పుడు 180 ఓములు చూపుతుంది. ఇంకో రకం దానికి తలకిందులు, 240తో మొదలై 33కు దిగుతుంది. ఈ రెంటినీ కలిపితే ముల్లు చూపించే అంకెకు అర్థమే లేదు. సెండర్‌కు ఎర్తు బ్లాకు నుంచే రావాలి. ఇంజను రబ్బరు మౌంటింగుల మీద కూర్చుంటుంది కాబట్టి ఛాసిస్‌కు ఎర్తు పట్టీ సరిగా బిగించకపోతే ముల్లు ఇష్టమొచ్చినట్టు ఊగుతుంది. కారకుండా ఉండాలని మరకు టెఫ్లాన్ టేపు దట్టంగా చుట్టినా అంతే, ఎర్తు తెగుతుంది.

అందుకే మా మేస్త్రి మొదట సెండర్ విప్పించి, ఆ రంధ్రంలో పైపుతో వచ్చే మెకానికల్ గేజి బిగించేవాడు. యుద్ధకాలపు విల్లీస్ జీపు డాష్‌బోర్డులో ఉన్నదీ అలాంటిదే. ఇంజను నుంచి సన్నటి గొట్టంలో ఆయిలే గేజి దాకా వచ్చి ముల్లును తోస్తుంది, 0 నుంచి 80 పౌండ్ల దాకా. మధ్యలో కరెంటు లేదు కాబట్టి ఎర్తు గొడవా లేదు. ఇప్పుడు స్కానర్ తగిలించి, అది చెప్పిందే వేదం అంటున్నారు. సెన్సర్ చెప్పిన మాటే స్కానర్ తిరిగి చెబుతుంది. సెన్సరే తప్పైతే ఎన్ని వేల రూపాయల స్కానరైనా ఏం చేస్తుంది?

మెకానికల్ గేజిలో కూడా ప్రెషర్ లేదని తేలితే అప్పుడు అనుమానించాల్సింది ఇంజను అడుగున ఆయిల్ నిలిచే చాంబర్‌ని. ఇంజను మార్పిడిలో ఎక్కువ పాపం అక్కడే జరుగుతుంది. ముందు ఇరుసుకో, క్రాస్ మెంబర్‌కో తగులుతోందని చాంబర్ కోసి లోతు తగ్గిస్తారు, లేదా ఇంకో మోడల్ చాంబర్ తెచ్చి తగిలిస్తారు. లోపల ఆయిల్ పీల్చే స్ట్రెయినర్ మాత్రం పాతదే ఉంటుంది. అది చాంబర్ అడుగుకు మరీ ఆనుకుంటే ఆయిల్ లాగలేదు, మరీ పైకుంటే గాలి పీలుస్తుంది. పావు అంగుళం నుంచి అర అంగుళం లోపు ఖాళీ ఉండాలి. అడుగున మైనం ముద్ద పెట్టి చాంబర్ బిగించి, విప్పి, నొక్కుకుపోయిన ముద్ద మందం కొలిచేవాళ్లం. పికప్ గొట్టం పంపులో కూర్చునే చోట రబ్బరు రింగు చిట్లినా గాలి పీలుస్తుంది, ముల్లు వణుకుతుంది. చాంబర్ మారినప్పుడు డిప్ స్టిక్ మీద గీతలు కూడా మారాలి. పాత గీత వరకు పోసి ఆయిల్ నిండుగా ఉందనుకుంటే, అరకు ఘాట్ రోడ్డు మలుపులో ఆయిల్ ఒక పక్కకు ఒరిగి స్ట్రెయినర్ బయటపడుతుంది. చదును రోడ్డు మీద బాగుండి, మలుపులోనో బ్రేకు కొట్టినప్పుడో ముల్లు పడుతోందంటే బేరింగుల జోలికి వెళ్లకండి, చాంబర్ చూడండి.

వేడి మీద స్లోలో పడిపోయి, రేస్ చేస్తే లేస్తే అప్పుడు బేరింగుల మాట ఆలోచించాలి. అప్పుడు కూడా ముందు రిలీఫ్ వాల్వ్ విప్పి కడగాలి. దాని కింద చిన్న చెత్త ఇరుక్కున్నా ప్రెషర్ నిలవదు. డిప్ స్టిక్ వాసన చూడాలి. ఆయిల్ మట్టం పెరుగుతూ డీజిల్ వాసన వస్తుంటే తప్పు ఇంధనం వైపుంది. ఫిల్టర్ కోసి కాగితం మడతలు విప్పి చూడాలి. అయస్కాంతానికి అంటని రాగి రంగు తళుకు కనిపిస్తే అది బేరింగే, ఇక దించాల్సిందే.

ఈ కాలంలో మంచి లేదని నేననను. ఏ ఇంజను కొలతలైనా ఫోన్‌లో దొరుకుతున్నాయి, మాకు ఆ భాగ్యం లేదు. అయినా చదివేవాడేడీ? మొన్న ఒక అబ్బాయి జీపు తీసుకొచ్చాడు. రెండు షెడ్లలో బేరింగులు పోయాయని చెప్పారట, ఒకచోట ఆయిల్ మార్చి మరింత చిక్కటిది పోశారట. మెకానికల్ గేజి పెడితే వేడి మీద స్లోలో ప్రెషర్ నిక్షేపంలా ఉంది. ఎర్తు పట్టీ వేయలేదంతే. ఆ చిక్కటి ఆయిల్‌తో ఇంకో నష్టం కూడా ఉంది. చలి ఉదయాన స్టార్ట్ చేసినప్పుడు అది పైన రాకర్ల దాకా చేరేసరికి ఆలస్యమవుతుంది. ముల్లు పైకి లేస్తుంది, అందాల్సిన చోటికి ఆయిల్ అందదు. జబ్బును దాచి బండిని ఇంకొకరికి అంటగట్టడానికి ఆ పని చేసేవాళ్లు మా రోజుల్లోనూ ఉండేవాళ్లు. వాళ్లను మేం మెకానిక్కులనేవాళ్లం కాదు.

ఇంజను మార్పించుకున్న బాబులకు ఒక మాట. లైటు వెలగగానే బండి ఆపేయండి, ఇంటిదాకా తోలుకెళ్దామనుకోకండి. షెడ్డుకు చేరాక మొదట మెకానికల్ గేజి పెట్టమనండి. చల్లగా ఎంత, వేడిగా స్లోలో ఎంత, రెండు వేల చుట్ల దగ్గర ఎంత అని మూడు అంకెలు మీ కళ్లముందు కాగితం మీద రాయించుకోండి. ఆ కాగితం ఇవ్వనివాడి చేతికి మీ ఇంజను ఇవ్వకండి.