అన్న పేరు మీద

ఎంఎస్ చదవడానికి అమెరికా బయల్దేరే పిల్లల పెట్టెల్లో పుస్తకాలకి చోటుండదు. విమానంలో అనుమతించేవి 23 కిలోల పెట్టెలు రెండే. వాటిలో ప్రెషర్ కుక్కరు, ఆవకాయ, గోంగూర, కందిపొడి, చలికోటు, ఆఖరి నిమిషంలో అమ్మ దూర్చిన జీడిపప్పు పొట్లం. తూకం వేస్తే ముల్లు ఎక్కువ చూపిస్తుంది. అప్పుడు ముందుగా బయటికొచ్చేది పుస్తకమే. కోఠీలో కొన్న లావుపాటి ఇండియన్ ఎడిషన్లు మా ఇంట్లోనూ అలాగే అటకెక్కాయి. 2015 ఆగస్టులో నేను టెక్సాస్‌లో దిగాను.

అక్కడ యూనివర్సిటీ పుస్తకాల షాపులో మొదటి సెమిస్టర్ పుస్తకాల ధరలు కూడుకుంటే 500 డాలర్లు దాటాయి. అప్పుడు డాలరు 66 రూపాయల దగ్గర ఉంది. అంటే 33,000 రూపాయలు. మా నాన్న నెల జీతంలో అన్నీ పోగా అంత మిగిలేది కాదు. పుస్తకం చేత్తో పట్టుకునే అన్నకి ఫోన్ చేశాను.

"కొనకు. వెనక అట్ట మీద 13 అంకెల ఐఎస్‌బీఎన్ ఉంటుంది. అది ఫోటో తీసుకుని బయటికొచ్చెయ్" అన్నాడు.

అన్న మా సీనియర్. మాకంటే ఏడాది ముందు, 2014లో వచ్చాడు. జగ్గయ్యపేట అవతల ఒక పల్లె, మిరప రైతు కొడుకు. అపార్ట్‌మెంట్‌లో మేం నలుగురం. నాది కంప్యూటర్ సైన్స్, ఒకడిది మెకానికల్, ఇంకొకడిది ఫైనాన్స్. అన్నదీ నా బ్రాంచే. తనకి క్లాసులైపోయి థీసిస్ నడుస్తోందని చెప్పేవాడు. రోజూ సాయంత్రం బ్యాగు తగిలించుకుని బస్సెక్కేవాడు, తెల్లవారుజామున వచ్చి పడుకునేవాడు. అంత అలసటలోనూ తన వంతు వంట ఏనాడూ ఎగ్గొట్టలేదు.

పుస్తకాలు చవగ్గా తెప్పించడంలో అన్నంత నేర్పరిని నేను మళ్ళీ చూడలేదు. అది ఓపిక మీద నడిచే విద్య. ఫెడరల్ ప్రభుత్వం నుంచి సాయం పొందే కాలేజీలు ప్రతి కోర్సు పుస్తకం ఐఎస్‌బీఎన్, ధర వీలైనంతవరకు ముందే చూపించాలని అక్కడ చట్టం ఉంది. 2010 జూలై నుంచి అమలులోకి వచ్చింది. ఆ నంబరు ఉంటే షాపు మొహం చూడక్కర్లేదు. అన్న ముందు ఆ నంబరు కొట్టి, తర్వాత పాత ఎడిషన్ ఎంతకుందో చూసేవాడు. పాఠం మారదు, చాలాసార్లు చాప్టర్ చివర లెక్కల వరస మాత్రమే మారుతుంది. "ప్రొఫెసర్‌కి ఒక మెయిల్ పెట్టు. పాత ఎడిషన్ చాలా అని అడుగు. సిగ్గుపడకు, ఆయనా ఒకప్పుడు స్టూడెంటే" అనేవాడు. నా ఆల్గారిథమ్స్ ప్రొఫెసర్ ఆ మెయిల్‌కి వెంటనే జవాబిచ్చి, హోంవర్కు లెక్కలన్నీ స్కాన్ చేసి క్లాసుకంతటికీ పంపాడు. అలాంటి గురువుల రుణం పెద్దది.

ఇక అసలు కిటుకు సభ్యత్వం. అమెజాన్ 2010లో విద్యార్థుల కోసం ప్రత్యేకంగా ఒక సభ్యత్వం మొదలుపెట్టింది. మేం వెళ్ళేనాటికి మొదటి ఆరు నెలలు ఉచితం, ఆ తర్వాత మామూలు ప్రైమ్‌లో సగం ధర. మామూలువాళ్ళకి ఏడాదికి 99 డాలర్లయితే విద్యార్థికి 49. సరుకు రెండు రోజుల్లో గుమ్మంలో ఉంటుంది, రవాణా ఖర్చుండదు. చేరడానికి ఫీజు రసీదు అడిగేవాళ్ళు కాదు, కాలేజీ ఇచ్చిన డాట్ ఈడీయూ మెయిల్ ఉంటే సరిపోయేది. సభ్యత్వం లేనివాళ్ళకి రవాణా ఉచితంగా రావాలంటే అప్పట్లో 35 డాలర్ల సరుకు కొని, వారం రోజులు ఎదురుచూడాల్సి వచ్చేది. సెమిస్టర్ మొదట్లో వారం అంటే మొదటి క్విజ్ పోయినట్టే.

రవాణా ఖర్చు చిన్న సంగతి అనుకునేవాళ్ళకి అన్న ఒక సెంటు పుస్తకం చూపించేవాడు. బయటి అమ్మకందార్లు కొందరు అప్పట్లో పాత పుస్తకాన్ని ఒక్క సెంటుకి పెట్టేవాళ్ళు. రవాణా మాత్రం 3 డాలర్ల 99 సెంట్లు. "ధర చూడకురా, ఇంటికొచ్చేసరికి ఎంతవుతుందో చూడు" అనేవాడు. అదే పాత పుస్తకం అమెజాన్ గోదాములోనే ఉండి అక్కణ్ణుంచి వస్తే సభ్యత్వం కింద రవాణా పడదు. అలాంటివాటిని ఏరి పట్టుకోవడానికి అన్న రాత్రి పని నుంచి వచ్చి కూడా గంట సేపు కూర్చునేవాడు. సెమిస్టర్ వరకే పనికొచ్చే పుస్తకమైతే అద్దెకి తీసేవాడు. గడువు తేదీ ఫ్రిజ్ మీద రాసి అంటించేవాడు, ఎందుకంటే తిరిగివ్వకపోతే పూర్తి ధర పడేది.

మెకానికల్ వాడికి వాళ్ళ నాన్న విజయవాడ నుంచి హీట్ ట్రాన్స్‌ఫర్ ఇండియన్ ఎడిషన్ పంపుతానన్నాడు. అట్ట మీద భారత ఉపఖండంలో తప్ప అమ్మకూడదని ఉండేసరికి వాడు భయపడ్డాడు. అప్పుడు అన్న సుపాప్ కిర్ట్‌సెంగ్ కథ చెప్పాడు. థాయిలాండ్ నుంచి కార్నెల్‌కి చదువుకోడానికి వచ్చిన కుర్రాడు. సొంత దేశంలో బంధువులు చవగ్గా కొని పంపిన పుస్తకాల్ని ఇక్కడ ఈబేలో అమ్మాడు. జాన్ వైలీ ప్రచురణ సంస్థ కేసు వేసింది. కింది కోర్టు జ్యూరీ 6 లక్షల డాలర్లు కట్టమంది. ఆ కుర్రాడు సుప్రీంకోర్టు దాకా వెళ్ళాడు. 2013 మార్చిలో ఆరుగురు జడ్జీలు వాడి వైపు, ముగ్గురు అటు. పుస్తకం ఎక్కడ అచ్చయినా సరే, న్యాయంగా కొన్నవాడు దాన్ని తిరిగి అమ్ముకోవచ్చని తీర్పు. "వాడు అమ్మినా గెలిచాడు. నువ్వు చదువుకోడానికి తెచ్చుకుంటే ఎవడేమంటాడు?" అన్నాడు అన్న. ఆ కథ చెప్పేటప్పుడు ఆయన కళ్ళలో వెలుగు చూడాలి. చదువుకోడానికి వచ్చిన కుర్రాడు గెలిచిన కథ అది.

అన్నకీ లొంగనిది ఒకటుంది, యాక్సెస్ కోడ్. ఫైనాన్స్ వాడి కోర్సులో హోంవర్కంతా ప్రచురణకర్త వెబ్‌సైట్‌లోనే చెయ్యాలి. ఆ కోడ్ ఒక్కసారికే పనిచేస్తుంది. పాత పుస్తకం కొంటే అందులో కోడ్ అప్పటికే ఎవరో వాడేసి ఉంటారు. విడిగా కొంటే పుస్తకంలో మిగిల్చిందంతా దానికే పోతుంది. హోంవర్కు అప్పగించడానికి విద్యార్థి చేత డబ్బు కట్టించడం అన్యాయమని ఇప్పటికీ అంటాను. ఆ రోజు అన్న చాలాసేపు మాట్లాడలేదు. "కట్టకపోతే తలుపు తెరుచుకోదు రా, ఇక్కడ అంతే" అన్నాడు చివరికి.

నిజమే. ఫీజు బాకీ ఉంటే మా యూనివర్సిటీలో తర్వాతి సెమిస్టర్‌కి పేరు నమోదు కాదు. ప్రతి టర్ముకీ ఇండియా నుంచి డబ్బు పడేదాకా మాకు నిద్ర ఉండేది కాదు.

పుస్తకాలన్నీ అన్న సభ్యత్వం మీదే వచ్చేవి. మేం డబ్బు చేతికిచ్చేవాళ్ళం, ఆయన ఆర్డర్ పెట్టేవాడు. 49 డాలర్లలో మా వాటా ఇస్తామంటే పుచ్చుకోలేదు. మీ ఉచిత ఆరు నెలలు మీరు దాచుకోండి, ఇంటికి ఒక సభ్యత్వం చాలు అనేవాడు. డబ్బా రాగానే వంటింటి బల్ల మీద పెట్టి, తన పేరున్న చీటీ కనిపించేలా, మూత తీసి పుస్తకం పైకి పెట్టి ఒక ఫోటో తీసేవాడు. దెబ్బ తిని వస్తే వెనక్కి పంపడానికి సాక్ష్యం ఉండాలిగా అనేవాడు. ఎంత అలసిపోయి ఉన్నా ఫోటో తియ్యకుండా పుస్తకం మా చేతికిచ్చేవాడు కాదు. ఒకసారి మెకానికల్ వాడు తొందరపడి సొంతంగా సభ్యత్వం తీసుకుని ఒక పుస్తకం తెప్పించుకున్నాడు. అన్న మనసు చిన్నబుచ్చుకున్నాడు. "అడిగితే నేను తెప్పించేవాణ్ణి కదరా" అని ఒకటికి రెండుసార్లు అన్నాడు. తన కోసం మాత్రం ఆయన ఎన్నడూ ఒక్క పుస్తకం తెప్పించుకోలేదు. థీసిస్‌కి పుస్తకాలెందుకు, పేపర్లు చాలు అనేవాడు.

2017 మేలో మా ముగ్గురికీ పట్టాలొచ్చాయి. స్నాతకోత్సవానికి అన్న మా ఫోటోలు తీశాడు. తనది డిసెంబరుకి జరిగిందన్నాడు. లీజు అయిపోయి తలా ఒక ఊరూ పోయాం. కొన్నాళ్ళకి అన్న నంబరు మారింది.

2018 వేసవిలో ఒక పెళ్ళికి విజయవాడ వచ్చినప్పుడు వాళ్ళ ఊరు వెళ్ళాలనిపించింది. రెండేళ్ళు నా చదువు ఖర్చు తగ్గించిన మనిషి. వాళ్ళ నాన్నగారికి నాలుగు మంచి మాటలు చెప్పి, ఒక పంచెల చాపు పెట్టి వద్దామనుకున్నాను. వాళ్ళింటి నుంచి వచ్చే పచ్చళ్ళ పార్సిల్ మీద చూసి చూసి ఊరి పేరు నాకు నోటికొచ్చు.

పెద్దాయన నన్ను చూడగానే అరుగు మీంచి లేచారు. అబ్బాయి రూమ్మేటునని చెబితే చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్ళారు. మంచినీళ్ళిచ్చి, ఏమీ అడక్కుండానే బీరువాలోంచి ఒక ఆల్బమ్ తీశారు. పెళ్ళి ఫోటోలు పెట్టుకునే రకం, అట్ట మీద పూలు. జగ్గయ్యపేట స్టూడియోలో ఒక్కో ఫోటో వేయించి అంటించారట.

మొదటి పేజీలో నా ఆల్గారిథమ్స్ పుస్తకం. కుక్కరు వేడికి మా వంటింటి బల్ల మీద పడ్డ మచ్చ పక్కన డబ్బా, దాని మీద అన్న పేరు. పేజీ తిప్పారు. ఫైనాన్స్ వాడి పుస్తకం. ఇంకో పేజీ. మెకానికల్ వాడి థర్మోడైనమిక్స్. ఒక్కోదాని కింద తెలుగులో, కుదురైన చేతిరాతతో, తారీఖు.

"వాడి పేరు ఇంగ్లీషులో నాకు తెలుసు బాబూ, అంతవరకు చదవగలను" అన్నారు ఆయన, చీటీ మీద వేలు పెట్టి. "మావాడు ఒక్క సబ్జెక్టుతో ఆగలేదు. ఇది కంప్యూటరంట. ఇది డబ్బు లెక్కలంట. ఇది యంత్రాలదంట. అన్నీ చదివాడు."

నేను తల ఊపాను.

"మొదటి టర్ముకి ఎకరం అమ్మి కట్టాను. రెండోదానికి మిర్చి రేటు దెబ్బ కొట్టింది. కట్టలేను నాయనా, వచ్చెయ్యమని ఏడ్చాను ఫోన్లో. అక్కర్లేదు నాన్నా, మార్కులు బాగొచ్చాయని నాకు ఫీజు తీసేశారు, పుస్తకాలు కొనుక్కుంటే చాలన్నాడు. ఆ ఖర్చు కూడా వాడే పెట్టుకున్నాడు, పైగా ఇంటికి నెలనెలా పంపేవాడు. ఊళ్ళో ఎవరైనా ఏమైనా అంటే ఈ పుస్తకం తీసి చూపిస్తాను."

ఆయన ఆల్బమ్ చివరికి తిప్పారు. ఆఖరి పేజీలో ఫోటో లేదు. పెద్ద సైజు ఫోటో పట్టేలా నాలుగు మూలలకీ జిగురు కాగితాలు ముందే అంటించి ఉన్నాయి.

"ఇది పట్టాకి" అన్నారు. "ఒక్క మాట అడుగుతాను బాబూ, నువ్వు చదువుకున్నవాడివి కదా చెప్పు. పుస్తకాలన్నీ రెండేసి రోజుల్లో ఇంటికొచ్చేవని వాడే చెప్పాడు. మరి పట్టా పోస్టులో వేశారని చెప్పి ఏడాది దాటింది. నీది ఎన్ని రోజుల్లో వచ్చింది?"