మీ కోసమే ఏరిన ముప్పై పాటలు

సోమవారం పొద్దున్నే మియాపూర్‌లో మెట్రో ఎక్కిన అన్వేషిగారు చెవుల్లో బడ్స్ పెట్టుకుని ఫోన్ తెరుస్తారు. ముప్పై కొత్త పాటలు వరసలో నిలబడి ఉంటాయి. అన్నీ ‘మీ కోసమే’. అమీర్‌పేటలో రైలు మారేలోపు నాలుగింటిని తలో ఇరవై సెకన్లు విని దాటేస్తారు. ఐదోదానికి గుండె గుర్తు నొక్కుతారు. రాయదుర్గంలో దిగేసరికి స్టేటస్ సిద్ధం: ‘ఈ ఇండీ సింగర్‌ని నేనే కనిపెట్టాను. ఇంకా సినిమా పాటలేంటండీ!’

కనిపెట్టడానికి ఆయన పడ్డ కష్టమల్లా బొటనవేలిదే.

ఈ సోమవారపు వ్రతాన్ని స్పాటిఫై 2015 జూలైలో ‘డిస్కవర్ వీక్లీ’ పేరుతో మొదలుపెట్టింది. 2019 ఫిబ్రవరిలో కంపెనీ మన దేశానికి వచ్చాక వ్రతకథ ఇక్కడా వ్యాపించింది. వారానికి ముప్పై పాటలు ఏరి తెచ్చే ఆ అదృశ్యశక్తిని అందరూ అల్గారిదమ్ అంటారు. తెలుగువాళ్లకు మాత్రం ఆయన కొత్తవాడేం కాదు. పెళ్లిళ్ల పేరయ్య. చంకలో గొడుగు లేదు గానీ, పద్ధతంతా అదే.

పేరయ్య చేతిలో ఉన్న సంబంధాలన్నీ అంతకుముందు ఆయన భోంచేసిన ఇళ్లలోవే. ఇక్కడా అంతే. మీలాంటి అభిరుచి ఉన్నవాళ్లు తమ ప్లేలిస్టుల్లో ఏ పాట పక్కన ఏ పాట పెట్టుకున్నారో చూసి, మీరు వినకుండా మిగిలినవాటిని మీ ముందు పెడతాడు. ఎవరి జాబితాలోనూ లేని పాట పేరయ్య గడప తొక్కడం అరుదు. జాజ్, జానపదం, ర్యాప్, కర్ణాటకం అన్నీ వింటానని అన్వేషిగారు చెప్పుకుంటారు గానీ, పేరయ్య ఆయన్ని ఏనాడో తూచేశాడు. ఒక రాత్రి పిల్లని నిద్రపుచ్చడానికి లాలిపాట పెట్టిన పాపానికి మూడు వారాలపాటు లాలిపాటలే వచ్చాయి. ఆయన వాటిని కూడా ‘మినిమల్ ఫోక్’ అంటూ నలుగురికీ పంపారు.

పేరయ్య ఊరికే తిరగడు కదా. 2020 నవంబరులో స్పాటిఫై ‘డిస్కవరీ మోడ్’ ప్రకటించింది. కళాకారుడో, అతని లేబులో ఫలానా పాటను కాస్త ముందుకు తొయ్యమని అడిగితే, రేడియో, ఆటోప్లే లాంటి చోట్ల ఆ పాట వినపడే అవకాశం పెరుగుతుంది. ముందుగా రూపాయి అక్కర్లేదు. అక్కడ విన్నందుకు వచ్చే రాయల్టీలో ముప్పై శాతం కోత పడుతుందంతే. అటు పిల్లవాడి దగ్గర కమీషను మాట్లాడుకుని, ఇటు పిల్ల తండ్రితో ‘మీ అమ్మాయి కోసమే గాలించి తెచ్చానండీ’ అనడం పేరయ్యకు వెన్నతో పెట్టిన విద్య. ఏ సంబంధం వెనక ఎంత ముట్టిందో జాతకం మీద రాసి ఉండదు.

మరి పేరయ్య తొంగిచూడని ఇళ్లు ఎన్ని? లూమినేట్ సంస్థ లెక్క ప్రకారం 2023లో స్ట్రీమింగ్ సేవల్లో 18 కోట్ల 40 లక్షల ట్రాకులు ఉంటే, అందులో 4 కోట్ల 56 లక్షలు ఆ ఏడాది ఒక్క చెవినా పడలేదు. పాడినవాడు కూడా వినలేదన్నమాట. ఆ గుట్ట మీదికి రోజుకు సగటున లక్ష పైచిలుకు కొత్త ట్రాకులు వచ్చి పడ్డాయి. 2024 నుంచి స్పాటిఫైలో మరో నియమం: పన్నెండు నెలల్లో వెయ్యిసార్లు మోగని పాటకు రాయల్టీ లేదు. ఆ చిల్లర ఎలాగూ బ్యాంకు ఛార్జీలకే పోతుందని కంపెనీ వాదన. నిజమే కావచ్చు. కానీ 999 సార్లు మోగిన పాటవాడికి ‘నీది చిల్లర బాబూ’ అని చెప్పి, ఆ చిల్లరంతా పోగేసి పెద్దింటివాళ్ల పళ్లెంలో వేయడాన్ని మన ఊళ్లో ఇంకో మాటతో పిలుస్తారు.

ఇంతకీ చూపించిన పెళ్లికొడుకు అసలు ఉన్నాడా? 2024లో స్వీడన్ పత్రిక ‘డాగెన్స్ నీహెటర్’ యోహాన్ రోర్ అనే ఒకే స్వరకర్త 650కి పైగా పేర్లతో పాటలు పెట్టాడనీ, అవి 1500 కోట్లసార్లు మోగాయనీ బయటపెట్టింది. ఒక్క పెళ్లికొడుకు, ఆరువందల యాభై శుభలేఖలు! 2025 జూలైలో ‘వెల్వెట్ సన్‌డౌన్’ అనే బ్యాండ్ నెలకు పది లక్షలమంది శ్రోతలను సంపాదించాక, ఆ సంగీతం కృత్రిమ మేధతో చేసినదని తనే ఒప్పుకుంది. దాన్ని కూడా ఎవరెవరో కనిపెట్టే ఉంటారు.

తెలుగునాట ఇంకో పెద్ద పేరయ్య ఉన్నాడు. పేరు సినిమా. చౌరస్తా బ్యాండుతో సొంత పాటలు పాడుకున్న రామ్ మిరియాల చాలామంది చెవికి చేరింది 2021లో ‘జాతిరత్నాలు’ చిట్టి పాటతో. పన్నెండు మెట్ల కిన్నెరను తాతల కాలం నుంచి మోస్తూ వచ్చిన దర్శనం మొగిలయ్యను జనం ‘కనిపెట్టింది’ అదే ఏడాది, ‘భీమ్లా నాయక్’ పాట మొదట్లో ఆయన గొంతు వినపడ్డాక. 2022లో పద్మశ్రీ వచ్చింది. 2024 మేలో ఆయన హైదరాబాద్ శివార్లలోని తుర్కయంజాల్‌లో కట్టడం పనికి కూలీగా వెళ్తున్నారని వార్త వచ్చింది. అప్పుడు మళ్లీ కనిపెట్టారు.

చెవితో వెతికినవాళ్లు లేకపోలేదు. బీబీసీ రేడియో 1లో జాన్ పీల్ 1967 నుంచి 2004లో చనిపోయేదాకా ఊరూపేరూ లేని బ్యాండ్ల పాటలు వేశాడు. 1978 సెప్టెంబరులో ‘అండర్‌టోన్స్’ అనే ఉత్తర ఐర్లండ్ కుర్రాళ్ల పాట నచ్చి, వెంటవెంటనే రెండుసార్లు వినిపించాడు. నచ్చితే నచ్చిందని చెప్పడానికి అక్కడొక మనిషి ఉన్నాడు. మన ఆకాశవాణి కూడా ఒకప్పుడు లలిత గీతాలకు సమయం కేటాయించి, సినిమా గడప తొక్కని పాటను ఇంటింటికీ చేర్చింది.

మొన్న శుక్రవారం సాయంత్రం అన్వేషిగారు జూబ్లీహిల్స్‌లో ఒక కెఫేకి వెళ్లారు. మూలన నలుగురు కుర్రాళ్లు గిటారు, డప్పు, కీబోర్డు పెట్టుకుని తాము రాసుకున్న పాట పాడుతున్నారు. డప్పుకు సెగ చాలలేదేమో, పాటకూ పాటకూ మధ్య ఒకడు లైటరుతో వెచ్చచేస్తున్నాడు. అన్వేషిగారు రెండు చరణాలు ఓపిక పట్టి, మూడోది మొదలవుతుండగా చెయ్యెత్తారు.

‘‘బ్రో... సామజవరగమన కొట్టండి బ్రో!’’

కుర్రాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకుని శ్రుతి మార్చుకున్నారు. అన్వేషిగారు ఫోను అడ్డంగా తిప్పి వీడియో తీశారు. ఇంటికెళ్లే దారిలో స్టేటస్ పెట్టారు: ‘కొత్త బ్యాండు. నేనే కనిపెట్టాను.’