ఏ పంక్తిలో ఉంది?

మా మాస్టారి ముందు కథ గురించి నోరు విప్పాలంటే పుస్తకం తెరిచి పెట్టుకోవాలి. ‘ఆవిడ ఆ రాత్రి ఏడ్చి ఉంటుందండి’ అన్నామనుకోండి, ‘ఏ పంక్తిలో ఉంది? కళ్ళెర్రబడ్డాయా, కొంగు తడిసిందా?’ అంటారు. వేలు పెట్టి చూపిస్తే సరే. లేకపోతే ‘అది కథలో లేదురా, నీలో ఉంది’ అని పేజీ తిప్పేస్తారు. రాజమండ్రి ఇన్నీసుపేటలో ఆయన ఇంటి అరుగు మీద ఆదివారం సాయంత్రాలు ఆరేడుగురం చేరతాం. ఎనభై దాటాయి. ఆ వేలు మాత్రం ఇంకా పంక్తి తప్పదు.

మొన్న ‘గాలివాన’ చదివాం. గోదావరికి అవతల తిరుపతిపురంలో పుట్టిన పాలగుమ్మి పద్మరాజు కథ. 1952లో న్యూయార్క్ హెరాల్డ్ ట్రిబ్యూన్ ప్రపంచ కథల పోటీలో రెండో బహుమతి తెచ్చుకున్నది. నీతులూ నియమాలూ గీసుకుని బతికే రావుగారు రైలెక్కుతారు. తుఫాను రాత్రి ఓ స్టేషన్లో చిక్కుకుపోతే, తను చీదరించుకున్న బిచ్చగత్తే ఒంటి వెచ్చదనమిచ్చి కాస్తుంది. తీరా చూస్తే ఆమె శవమై ఉంటుంది, దగ్గర ఆయన పర్సు.

‘ఇంకేముందండి, దొంగది’ అన్నాడు మాలో బ్యాంకు ఉద్యోగం చేసే ఆయన.

‘పర్సు ఆమె దగ్గరుందన్నది పద్మరాజు. దొంగ అని ఊరుకుంటున్నది నువ్వు. తీసిందనే అనుకుందాం. మరి దొంగకి ఆ మనిషిని రాత్రంతా కాచుకోవాల్సిన పనేమిటి? అవీ పంక్తులేగా! ఒక్క పంక్తి పట్టుకుని మనిషిని తేల్చేస్తే, మిగతావేం పాపం చేశాయి?’ అంటూ మాస్టారు చెయ్యి చాపారు. ‘పెన్నియ్యి, ఇక్కడ గీత పెడతాను.’

నేనే దగ్గరున్నాను. చొక్కా జేబులో రత్నం పెన్ను ఉంది. అది వదిలేసి సంచీలో వెతికి బాల్‌పెన్ను తీసిచ్చాను. రత్నం పెన్ను ఒకరి చేతికిస్తే పాళీ అరుగుదల మారిపోతుందని మా వూళ్ళో అందరం చెప్పుకునే సాకే. అన్నట్టు, ఆ పెన్నులు మా వూరి గొప్ప. గాంధీగారి స్వదేశీ మాట పట్టుకుని రత్నంగారు మొదలుపెట్టిన పని. పంపిన పెన్ను బావుందని 1935లో గాంధీగారు ఉత్తరం కూడా రాశారు. నల్లటి ఎబొనైట్ కడ్డీని లేతు మీద తిప్పి, ఒక్కోటీ చేత్తోనే చేస్తారు. అడిగితే గొట్టం మీద పేరు చెక్కిస్తారు. నాదాని మీద, పేరుండే చోట, వేలికి కాస్త పల్లం తగులుతుంది.

మాస్టారు గీత పెడుతుండగా అమ్మగారు కాఫీలు తెచ్చారు. గ్లాసులు అందిస్తూనే అన్నారు: ‘ఏవండీ, మన పనిపిల్లని కూడా ఇలా చదవాల్సింది మీరు.’

మాస్టారి చెయ్యి ఆగింది.

‘ఏ పనిపిల్లండి?’ అని ఎవరో అడిగారు. అమ్మగారే చెప్పారు. 1996 నవంబరు తుఫాను. కోనసీమ కొబ్బరి చెట్లన్నీ పడుకున్న ఏడాది. ఆ పిల్ల ఇంటి కప్పు లేచిపోయింది. పదిహేను రోజులకి కొత్త తాటాకు కప్పించుకుంది. ఆ రోజుల్లోనే మాస్టారి బల్ల మీద పెన్ను పోయింది. టెన్త్ పిల్లలు చందాలేసుకుని, ఆయన పేరు చెక్కించి ఇచ్చిన పెన్ను.

‘గది ఊడ్చేది తనే, కప్పుకి డబ్బెక్కడిది అన్నారు ఈయన. ఒక్క పెన్నమ్మి ఇల్లు కప్పిస్తారా ఎవరైనా? మళ్ళీ రావద్దన్నారు. అది వాళ్ళమ్మనీ తీసుకుని వచ్చింది, మెట్ల మీదే నిలబడి ఏడ్చింది. ఈ వీధిలో ఇంకెవరూ దాన్ని పనికి పెట్టుకోలేదు.’ అని ఖాళీ గ్లాసొకటి పళ్ళెంలో పెట్టుకుని, ‘పెన్ను పోయిందన్నది నిజం. దొంగ అన్నది మీరు’ అన్నారు.

అరుగు మీద ఎవరూ కాఫీ చప్పరించలేదు. మాస్టారు చాలాసేపు పేజీ మీదున్న తన వేలినే చూసుకున్నారు. తర్వాత నావైపు తిరిగారు.

‘నువ్వప్పుడు తొమ్మిదో తరగతి కదురా. ట్యూషన్‌కి అందరికన్నా ముందొచ్చి ఆ గదిలోనే కూర్చునేవాడివి. బాగా గుర్తు తెచ్చుకో. ఆ పిల్ల తియ్యలేదనడానికి నీకేమైనా ఆధారం కనబడిందా?’

‘లేదండి’ అన్నాను, ‘గాలివాన’ని చొక్కా జేబుకి అడ్డంగా పట్టుకుని.