వాయించని స్వరాల బావగారు

సంగీతం విన్నవాళ్ళకంటే సంగీతం గురించి విన్నవాళ్ళు ఎక్కువైన రోజులివి. జాజ్ పేరెత్తితే చాలు, గొంతు తగ్గించి, కళ్ళు సగం మూసి, "అసలు గొప్పదనం వాయించిన స్వరాల్లో లేదండీ, వాయించనివాటిలో ఉంది" అనడం ఒక మర్యాద అయి కూర్చుంది. ఈ బావగారు ఆ శాఖవారే. బావమరిదికి జాజ్ అంటే ఇష్టమేగాని బావగార్ల విషయంలో ఓపిక తక్కువ.

బావ: రారా, సమయానికి వచ్చావు. జాకో పాస్టోరియస్‌ని పెట్టాను. కూర్చో, మాట్లాడకు. బేస్ గిటార్ అంటే ఏమిటో లోకానికి చూపించిన మనిషి.

బావమరిది: మాట్లాడను బావా. వినబడిందల్లా వింటాను.

బావ: అక్కడే పొరబడ్డావు. వినబడేదాంట్లో ఏముందిరా? ఆయన వాయించని స్వరాలు విను. మౌనమే ఆయన సంగీతం.

బావమరిది: 1976లో వచ్చిన ఆయన మొదటి రికార్డులో మొదటిది 'డోనా లీ'. చార్లీ పార్కర్ హయాంలో సాక్సఫోన్ వాళ్ళకే చెమటలు పట్టించిన బాణీ. దాన్ని ఈయన నాలుగు తీగల బేస్ మీద వాయించాడు. పక్కన పియానో లేదు, డ్రమ్ సెట్టు లేదు, డాన్ అలియాస్ అనే ఆయన కాంగా డ్రమ్ములు తప్ప తోడేమీ లేదు. ఊపిరి తీసుకునే సందే ఇవ్వడు. మౌనాన్ని ఎక్కడ దాచాడంటారు?

బావ: స్వరానికీ స్వరానికీ మధ్య.

బావమరిది: ఆ సందులో చీమ కూడా దూరదు.

బావ: చీమ దూరదు. రసికుడు దూరతాడు.

బావమరిది: సరే, వాయించనివే లెక్కయితే నేను జాకోకంటే ఘనుణ్ణి. ఆయన కుర్రతనంలోనే బేస్ పట్టుకుని లక్షల స్వరాలు ఖర్చు పెట్టేసుకున్నాడు. నేను ఇప్పటిదాకా ఒక్కటీ ముట్టుకోలేదు. మొత్తం నిల్వ ఉంది.

బావ: నీది చేతకాక. ఆయనది చేతనై.

బావమరిది: రెండూ వినబడనప్పుడు తేడా ఎలా తెలుస్తుంది?

బావ: చెవి ఉన్నవాడికి తెలుస్తుంది.

బావమరిది: అయితే ఆ చెవికో చిన్న పరీక్ష. జోనీ మిచెల్ 'హెజీరా', అదీ 1976దే. జాకో వాయించిన రికార్డు. అందులో 'అమీలియా' పెడుతున్నాను.

(పాట నడుస్తుంది. బావ కళ్ళు మూసుకుంటాడు. తల మెల్లగా ఊగుతుంది.)

బావ: ఆహా! ఏం నిగ్రహంరా! వేలు తీగదాకా వెళ్ళి వెనక్కి వచ్చేస్తోంది. నాకు కనబడుతోంది. ఇంకొకడైతే ఈపాటికి గంపెడు స్వరాలు ఒలకబోసేవాడు. ఈయన చూడు, ఒక్కటంటే ఒక్కటి...

బావమరిది: ఒక్కటీ ఉండదు బావా. ఈ పాటలో బేసే లేదు. జోనీ గిటారు, లారీ కార్ల్‌టన్ గిటారు, విక్టర్ ఫెల్డ్‌మన్ వైబ్రాఫోన్, అంతే. రికార్డులో తొమ్మిది పాటలుంటే జాకో ఉన్నది నాలుగింట్లో.

బావ: (కాసేపాగి) మరి నేనన్నదేమిటి? వాయించలేదనేగా!

బావమరిది: ఆ పాటకి వాయించినవాళ్ళ జాబితాలో ఆయన పేరే లేదు.

బావ: పేరు కూడా మిగల్చకుండా వాయించకపోవడమా! పరాకాష్ఠరా అది.

బావమరిది: పోనీ, బేస్ ఉన్నదే వినండి. వెదర్ రిపోర్ట్ వాళ్ళ 'బ్లాక్ మార్కెట్'. ఇందులోనూ జాకో ఉన్నాడు. ఇది 'జిబ్రాల్టర్'.

బావ: ఇదిగో, ఇదీ జాకో! వేలిముద్రలా తెలిసిపోవడం లేదూ? నా కళ్ళు చూడు, చెమర్చాయి.

బావమరిది: తుడుచుకోండి. వాయించింది ఆల్ఫోన్సో జాన్సన్. జాకో ఆ రికార్డులో రెండింట్లోనే ఉన్నాడు, 'కానన్ బాల్', 'బార్బరీ కోస్ట్'.

బావ: జాన్సన్ జాకోని అనుకరించి ఉంటాడు.

బావమరిది: ఆ బృందంలో ఆయన ముందువాడు బావా. ఆయన వెళ్ళిపోతేనే ఈయన చేరాడు.

బావ: ముందుగానే అనుకరించాడన్నమాట! మహానుభావుల ప్రభావం వెనక్కి కూడా పాకుతుందిరా. అంతటివాడై ఉండీ జాకోది ఎంత వినయం! ఆ మౌనం ఆ వినయంలోంచే వచ్చింది.

బావమరిది: వినయమా? వెదర్ రిపోర్ట్ పెద్ద జో జావినుల్ మయామీలో కచేరీ చేసి థియేటర్ బయటికొస్తే, ఈ కుర్రాడు ఎదురెళ్ళి, ప్రపంచంలోకెల్లా గొప్ప ఎలక్ట్రిక్ బేసిస్టుని నేనే అని పరిచయం చేసుకున్నాడు. జావినుల్ ఒక బూతుమాటతో పొమ్మన్నాడు. ఈయన పోలేదు. తరవాత పంపిన టేపు విని జావినుల్ అడిగిందేమిటో తెలుసా? ఎలక్ట్రిక్ బేస్ కూడా వాయించగలవా అని. టేపులో ఉన్నది ఎలక్ట్రిక్ బేసే! నిలబెట్టి వాయించే చెక్క బేస్ అనుకున్నాడట పెద్దాయన.

బావ: చూశావా, అంతటి జావినుల్ కూడా పొరబడ్డాడు. నన్ను అంటావు.

బావమరిది: ఆయన ఉన్న బేస్‌ని విని పొరబడ్డాడు. మీరు లేని బేస్‌ని విని ఏడ్చారు. వాయించనిదాన్ని పొగడటం తేలిక బావా, కాదనేవాడుండడు. వాయించినదాన్ని పొగడాలంటే ముందు వినాలి. 'పోర్ట్రెయిట్ ఆఫ్ ట్రేసీ' వినండి, భార్య పేరుమీద కట్టింది. చాలామటుకు తీగని నొక్కకుండా, వేలికొసతో అంటీ అంటనట్టు తాకి రాబట్టిన స్వరాలే. తీగని సరిగ్గా సగంలో తాకితే పై షడ్జం, మూడోవంతులో తాకితే దాని పైన పంచమం, నాలుగోవంతులో ఇంకో షడ్జం. ఇది గిటారు పట్టిన ప్రతివాడికీ తెలుసు. శ్రుతి చూసుకోవడానికి వాడుకుని వదిలేసేవాళ్ళు. ఈయన వాటితో పాటే కట్టాడు. కింద మామూలు స్వరం ఒకటి మోగుతూ ఉంటుంది, పైన ఇవి రెండేసి మూడేసి కలిసి పలుకుతుంటాయి. ఇద్దరున్నారేమో అనిపిస్తుంది. ఉన్నది ఒక్కడే.

(బావమరిది ఉపన్యాసంలోకి దిగాడని గమనించి బావ నీళ్ళ గ్లాసు జరుపుతాడు.)

బావ: అవన్నీ సరే, వెన్నకత్తి సంగతి చెప్పు. బేస్ మీద మెట్లన్నీ వెన్నకత్తితో పీకేశాడు. మెట్లు లేని బేస్‌ని కనిపెట్టిందే ఆయన.

బావమరిది: రోలింగ్ స్టోన్స్ బిల్ వైమన్ 1961లోనే పీకాడు. ఆంపెగ్ కంపెనీ 1966లో మెట్లు లేనివి తయారుచేసి అమ్మింది. వెన్నకత్తి మాట జాకో చెప్పిందే, కాని ఆ బేస్ గురించి ఆయన ఒక్కోచోట ఒక్కో కథ చెప్పాడు. కత్తి ఎవరిదైతేనేం! మెట్లుంటే వేలు కాస్త అటూ ఇటూ పడినా స్వరం నిలుస్తుంది. మెట్లు తీస్తే వెంట్రుకవాసి జరిగినా అపస్వరం. అంత వేగంలోనూ శ్రుతి తప్పలేదే, అది కదా చూడాలి! లోహపు చుట్టు తీగల రాపిడికి చెక్క అరిగిపోకుండా పడవలకి పూసే ఎపాక్సీ పూశాడు. రెండు పికప్పుల్లో వెనకదాన్నే నమ్ముకుని, బ్రిడ్జి దగ్గరగా మీటేవాడు. అందుకే ఆ నాదం మనిషి గొంతులా ముందుకొస్తుంది. మీ ఫోన్ స్పీకర్లో బేస్ అడుగు తీగ, ఆ 41 హెర్ట్‌జ్ మోత, రమ్మన్నా రాదు. అయినా జాకో వస్తాడు.

బావ: సంగీతాన్ని వడ్రంగం చేసేశావు కదరా! ఎపాక్సీ అంటే గుర్తొచ్చింది, నీకు చూపించనే లేదు. (పెద్ద పెట్టె తెరుస్తాడు.) చూడు. జాకో బేస్!

బావమరిది: అయ్యయ్యో, ఎవరు పడేశారు బావా? రంగంతా ఊడిపోయింది!

బావ: ఊడలేదు, ఊడగొట్టారు. ఫెండర్ కస్టమ్ షాప్ సరుకు. జాకో బేస్ పోలికలో పనివాళ్ళు చేత్తో దెబ్బలు పెట్టారు.

బావమరిది: దెబ్బలకి విడిగా డబ్బా?

బావ: మరి? మామూలు కొత్త బేస్ చవక. దెబ్బలు తిన్నదే ఖరీదు.

బావమరిది: కొత్తదే కొని మా అక్క చేతికిచ్చి ఉంటే ఖర్చు లేకుండా పని జరిగేది.

అక్క: (వంటింట్లోంచి) బేస్‌కా, మీ బావకా?

బావ: వెటకారం చాలు. ఈ అరుగుదల చూడరా, ఇక్కడ, బొటనవేలు ఆనేచోట. ఏళ్ళ తరబడి సాధన చేస్తేగాని రాదిది!

బావమరిది: ఎవరి సాధన?

బావ: అదే... పనివాడిది.

బావమరిది: శాండ్‌పేపర్ సాధన. అసలుదాని సంగతి తెలుసా మీకు? 1962 నాటి జాజ్ బేస్, 'బేస్ ఆఫ్ డూమ్' అనేవాడు. ముక్కలైపోతే అతికించారు. 1986లో న్యూయార్క్‌లో పార్కు బెంచీ మీంచి ఎవరో ఎత్తుకుపోయారు. ఆయన పోయిన చాలా ఏళ్ళకి ఒక దుకాణంలో తేలింది. మెటాలికా బేసిస్టు రాబర్ట్ ట్రుహీయో డబ్బు పెడితే కుటుంబానికి దక్కింది. బేస్ పార్కులో ఎందుకుంది? దాని యజమాని ఉండేదే అక్కడ కాబట్టి. 1982లో బైపోలార్ జబ్బని డాక్టర్లు తేల్చారు. 1987 సెప్టెంబరులో ఫ్లోరిడాలో ఒక క్లబ్బు తలుపు దగ్గర కాపలావాడు కొట్టిన దెబ్బలకి కోమాలోకి వెళ్ళి పోయాడు. 35 ఏళ్ళు. మరుసటేడు డౌన్‌బీట్ పత్రిక హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేర్చారు.

బావ: మేధావులకి ఆ పిచ్చి ఉండాల్రా. అదే లేకపోతే ఆ సంగీతం ఎక్కడిది?

బావమరిది: డ్రమ్ములలోది! తండ్రి డ్రమ్మరు. తనూ డ్రమ్ములతోనే మొదలెట్టి, ఫుట్‌బాల్‌లో మణికట్టు దెబ్బతిని బేస్‌కి మారాడు. 1977 'హెవీ వెదర్'లో 'టీన్ టౌన్' ఉంది కదా, అందులో బేసూ ఆయనే, డ్రమ్ములూ ఆయనే. ఆ లయ జబ్బు ఇచ్చింది కాదు. జబ్బు ముదిరాక పెద్ద రికార్డులు రానే లేదు. ఆరోగ్యంగా ఉన్నప్పుడు కూర్చుని చేసిన పనిని మనం వింటూ, దాన్ని మింగేసిన రోగానికి దండ వేస్తున్నాం.

బావ: (ఇబ్బందిగా) సర్లే. గొంతెండిపోయినట్టుంది, నీళ్ళు తాగు.

బావమరిది: తాగుతాను. మీరు ఆ బేస్ ఒక్కసారి మీటండి.

బావ: తీగలు అరిగిపోవూ?

బావమరిది: చెక్క అరిగితే డబ్బిస్తారు, తీగ అరిగితే బెంగా!

అక్క: ఆయన మీటేదేమీ లేదురా, వాపసు ఇచ్చి రమ్మని నేను మొత్తుకుంటూనే ఉన్నాను.

బావ: తీసుకెళ్ళాను కదే! కొట్టువాడు పుచ్చుకుంటేగా?

బావమరిది: ఏమన్నాడు?

బావ: పెట్టెలోంచి తీస్తున్నప్పుడు బల్ల అంచుకి తగిలి గీత పడింది. దెబ్బతిన్న సరుకు వాపసు తీసుకోరట.

బావమరిది: ఏదీ, ఆ గీత?

బావ: అదేరా నేనూ వెతుకుతున్నది. వాడికొక్కడికే కనబడింది.