మీసం మీద మాస్కు

మా ఇంట్లో నా గురక వినపడితే విసుక్కుంటారు. వినపడకపోతే లేచి కూర్చుంటారు. స్లీప్ అప్నియా అంటే అదే: నిద్రలో గొంతు కండరాలు సడలి, గాలి దారి మూసుకుపోయి, ఊపిరి కాసేపు ఆగుతుంది. మెదడు ఉలిక్కిపడి లేపుతుంది. ఇలా గంటకు 30 సార్లు దాటితే జబ్బు తీవ్రమైనట్టు లెక్క. చదువుకునే రోజుల్లో లెక్కల పరీక్షలో ఎన్నడూ దాటని 30ని ఇక్కడ అవలీలగా దాటేశాను.

డాక్టరు సీప్యాప్ మిషను రాశాడు. అది ఒత్తిడితో గాలి పంపి ఆ దారి మూసుకుపోకుండా చూస్తుంది. మిషను ఏదైనా, కాపురం చెయ్యాల్సింది మాస్కుతో.

గుంటూరు కొత్తపేటలో దుకాణం కుర్రాడు నన్ను కుర్చీలో కూర్చోబెట్టి, మాస్కు తగిలించి, "బ్రహ్మాండంగా కుదిరిందండీ" అన్నాడు. మిర్చి యార్డులో టిక్కీ పైనున్న కాయ చూసి ధర కట్టే వ్యాపారి ఉంటాడా? చెయ్యి లోపలికి పోనిచ్చి, నడుమ కాయ లాగి, విరిచి చూస్తాడు. నేనూ బల్ల మీద పడుకుని, నాకు రాసిన ఒత్తిడి పెట్టించి, పక్కకు ఒత్తిగిల్లాను. కూర్చున్నప్పుడు కుదిరిన మాస్కు పడుకుంటే జారింది. మందులకొచ్చిన పర్చూరు పెద్దాయన ఒకాయన తొంగిచూసి, "ఏం అబ్బాయ్, మనిషి ఉన్నాడా?" అని ఆరా తీశాడు.

ముక్కూ నోరూ కప్పే మాస్కు పెడితే మీసం సందులోంచి గాలి ఈలేసింది. పట్టీలు బిగిస్తే ఈల ఇంకా పెరిగింది. కాస్త వదులు చేస్తే సిలికాన్ అంచు గాలికి ఉబ్బి ముఖానికి అతుక్కుంటుందట. వదులు చేశాం. మీసం మాత్రం లొంగలేదు.

"మీసం తీసేస్తే సరిపోద్దండీ."

"మా నాన్న పోయినప్పుడు తీశానయ్యా. ఇప్పుడు ఎవరు పోయారని తియ్యమంటావ్?"

చివరికి ముక్కుపుటాలకు ఆనే చిన్న మెత్తల రకం కుదిరింది. మీసంతో దానికి పేచీ లేదు. కాకపోతే నోరు తెరిస్తే గాలంతా అటే పోతుంది. అందుకని గడ్డం కింద పట్టీ ఒకటి. మా ఆవిడ చూసి, "ఇన్నేళ్లకు మీ నోరు కట్టేది ఒకటి దొరికింది" అని తృప్తిపడింది.

నేను గునిసినప్పుడల్లా మావాడు సిడ్నీ కథ ఎత్తుతాడు. ఈ వైద్యం కనిపెట్టిన సిడ్నీ డాక్టరు కోలిన్ సలివన్ 1981లో దాన్ని లోకానికి వెల్లడించాడు. తొలి రోజుల్లో వాక్యూమ్ క్లీనరు మోటారుతో గాలి కొట్టి, రోగి ముక్కు అచ్చు తీసి చేసిన మాస్కును రోజూ రాత్రి జిగురుతో అంటించేవారట. అది విన్నాక నా పట్టీలు పూలదండల్లా తోచాయి.

ఇక మిషను ఫిల్టరు. పత్తి తీతల్లో దాని మీద తెల్లటి నూగు, మిర్చి రోజుల్లో ఎర్రటి దుమ్ము. దాన్ని చూసి మా వీధిలో ఏ పంట నడుస్తోందో చెప్పొచ్చు.

అంతా బాగానే ఉంది గానీ, ఈ ఏడు కల్లంలో కాయ ఆరబోసి కాపలా పడుకుంటానంటే మావాళ్లు ఒప్పుకోలేదు. గురక లేని మనిషిని నమ్మి కల్లం ఎవరు అప్పగిస్తారు?