ఒక్క ప్లేటు చూసి

మీతో చెప్పుకోవడానికి సిగ్గెందుకు? పరిశోధనలో చేరిన రెండో ఏడు, ఒక సాయంత్రం, లోకానికి మందు కనిపెట్టేశానని నిజంగానే నమ్మాను.

నేను పెంచే బూజు ఆస్పర్‌జిల్లస్ ఫ్యూమిగేటస్. కుళ్లిన గడ్డిలో, పెంటకుప్పల్లో పెరుగుతుంది. రెండు మూడు మైక్రాన్ల బీజాలు. అందరం రోజూ పీలుస్తూనే ఉంటాం. ఒంట్లో రోగనిరోధక శక్తి తగ్గినవాళ్ల ఊపిరితిత్తుల్లో మాత్రం అవి మొలకెత్తి ప్రాణాల మీదికి తెస్తాయి. ఈ బూజు పోగు సాగాలంటే కాల్సిన్యూరిన్ అనే ఎంజైమ్ ఉండాలి. కణంలో కాల్షియం పెరగ్గానే అది మేల్కొని, కొన్ని ప్రోటీన్ల మీది ఫాస్ఫేటును ఊడదీస్తుంది. అలా కబురు కేంద్రకం దాకా చేరుతుంది.

ఆ ఎంజైమ్‌ను ఆపే ఎఫ్‌కే506ను ప్లేట్లో కలిపాను. మర్నాడు మైక్రోస్కోపులో చూస్తే, తిన్నగా సాగాల్సిన పోగులు పొట్టిగా, మొద్దుగా, అడ్డదిడ్డంగా కొమ్మలేసి ఉన్నాయి. ఇంకేముంది! గైడుకు చూపించలేదు, ప్రయోగం మళ్లీ చెయ్యలేదు, సీసాతో వచ్చిన కాగితమైనా చదవలేదు, ఫోను తీసి బాబాయికి కొట్టేశాను. మూడేళ్ల కిందట కిడ్నీ మార్చినప్పటి నుంచి, డాక్టర్లు వద్దన్నారని గడ్డివాము ఛాయలకే పోని మనిషి.

"బాబాయ్, ఆ బూజుకు మందు దొరికేసింది!"

"పేరేంట్రా?"

"ఎఫ్‌కే506."

"అది కాదురా, మాత్రల అట్ట మీద ఏముంటుంది?"

గబగబా వెతికి, ఆలోచించకుండా పైకి చదివేశాను: "టాక్రోలిమస్."

కాసేపు మాట లేదు.

"ఒరే, నేను పొద్దునా రాత్రీ వేసుకునేది అదేరా."

మన ఒంట్లో కాపలా కాసే టి-కణాలను కదిలించేదీ కాల్సిన్యూరినే. దాన్ని ఆపితే కొత్త కిడ్నీ మీద దాడి ఆగుతుంది, బూజును తరిమే కాపలా కూడా తగ్గుతుంది. బాబాయికి ఆ బూజు భయం పట్టుకున్నదే ఇలాంటి మందుల వల్ల. ఈ మందు ఆపేది కాల్సిన్యూరిన్‌నే అన్నది 1991 నుంచీ తెలిసిన సంగతే. కోరుకున్న ఫలితం కంటబడితే ఇంకో ప్రశ్న అడగబుద్ధి కాదు. మీకూ ఎప్పుడో ఒకసారి జరిగే ఉంటుంది. నా తొందర మాత్రం ఒక రోగికి ఆశ చూపించి లాగేసుకుంది. అదే ఇప్పటికీ నొప్పి.

అయినా దారి పూర్తిగా మూసుకుపోలేదు. ఎఫ్‌కే506 ముందుగా ఎఫ్‌కేబీపీ12 అనే ప్రోటీన్‌ను పట్టుకుని, దానితో కలిసి ఎంజైమ్‌కు అడ్డుపడుతుంది. ఆ ప్రోటీన్ బూజులో ఒకలా, మనలో కొంచెం వేరేలా ఉంటుంది. 2019లో బూజులో ఈ మూడూ కలిసి ఉన్న నిర్మాణాలు వెలువడ్డాయి. ఆ చిన్న తేడాను పట్టుకునే మందు కోసమే ఇప్పుడు వెతుకులాట.

బాబాయి ఇప్పటికీ ఫోన్లో అడుగుతాడు: "గడ్డివాము దగ్గరికి వెళ్లొచ్చట్రా?"

"ఇంకా వద్దు బాబాయ్."