నేను నీళ్లు పుట్టించను

నేను అనంతపురం మెట్టలో దింపిన ఆరున్నర అంగుళాల బోరును. నా పైభాగాన ఎర్రమట్టి, దాని కింద మొరుసు, ఆ కింద వందల అడుగుల గట్టి రాయి. పాయింటు కుదిరితే గంగ పడుతుందన్న నమ్మకంతో రైతు కొబ్బరికాయ కొట్టి నన్ను వేయిస్తాడు. ఆ నమ్మకాన్ని నేను గౌరవిస్తాను. అయినా నిజం చెప్పాలి: నేను నీళ్లు పుట్టించను, చుట్టూ నేలలో ఉన్నవాటిని నా వైపు లాగుతాను. మోటారు వేయగానే నాలో మట్టం దిగుతుంది. చుట్టుపక్కల మట్టం ఇంకా ఎత్తునే ఉంటుంది కాబట్టి నీరు నాలుగు దిక్కుల నుంచీ నా దగ్గరికి నడుస్తుంది. ఈ మట్టాల మధ్య వాలు ఎంత నిటారైతే ప్రవాహం అంత ఎక్కువని 1856లో ఫ్రాన్సు ఇంజనీరు హెన్రీ డార్సీ ఇసుకలో కొలిచి చూపాడు. నన్ను చేరే కొద్దీ నీటికి దారి ఇరుకవుతుంది. అందుకే నా చుట్టూ నీటిమట్టం గరాటులా కుంగుతుంది. ఈ రాతినేలలో నీరు నిలిచేది మొరుసులోను, పగుళ్లలోను మాత్రమే. నిలవ తక్కువ, దారి ఇరుకు. కాబట్టి ఇక్కడ గరాటు లోతుగా దిగి, పగులు సాగిన దిక్కుకు దూరం పాకుతుంది. ఈ కుంగుబాటు కాలంతో ఎలా విస్తరిస్తుందో 1935లో అమెరికా శాస్త్రవేత్త చార్లెస్ థీస్ లెక్కగట్టాడు. రెండు బోర్ల గరాటులు కలిసిన చోట రెండింటి కుంగుబాటూ కూడుతుంది. పక్క చేలో బోరు విడిచి విడిచి పోయడానికి నేనూ ఒక కారణం కావచ్చు.

మరింత లోతుకు వేస్తే కొత్త నీరు తగలదా అని అడుగుతారు. ఒక్కోసారి పగులు తగులుతుంది, కాదనను. కానీ లోతుకు పోయేకొద్దీ పగుళ్లు తగ్గుతాయి. తగిలినదానికీ నీరు పైనుంచి దిగాల్సిందే. లెక్క చూడండి. ఈ సీమ సగటు వాన ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్లు. ఎకరాకు అది 22 లక్షల లీటర్లు. ఇలాంటి రాతినేలలో దాదాపు పదో వంతు ఇంకుతుందనుకున్నా దక్కేది రెండు లక్షల చిల్లర. వరికి 1,200 మిల్లీమీటర్ల నీరు పెడితే ఎకరాకు 48 లక్షల లీటర్లు కావాలి. అంటే ఒక్క ఎకరా వరి ఇరవై ఎకరాల ఇంకుడు నీటిని తాగేస్తుంది. ఆ ఇరవై ఎకరాల్లో ఇంకో అయిదు బోర్లు వేస్తే ఇంకే నీరు పెరగదు. వాటాలు చిన్నవై అప్పులు పెద్దవవుతాయి.

నా పొలం, నా బోరు, నా నీళ్లు అనేవారికి 1882 నాటి ఈజ్‌మెంట్ల చట్టం అండగా ఉంది. పొలానికి గట్టుంది గానీ రాతిలోని పగులుకు గట్టు లేదు. 2002లో వచ్చిన నీరు, భూమి, చెట్ల చట్టం (వాల్టా) బోరుకు అనుమతి ఉండాలంది. తోడే నీటికి లెక్క మాత్రం ఊరే పెట్టుకోవాలి. మరి బోరు లేకుండా వేరుశనగ రైతు బతికేదెలా అన్న ప్రశ్న న్యాయమైనదే. వాన మొహం చాటేసిన వారాల్లో ఒక్క తడి పంటను నిలబెడుతుంది. నా అసలు ప్రయోజనం అదే, అందుకే నన్ను మూసేయమనను, పంచుకోమంటాను. ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ తోడ్పాటుతో అనంతపురం సహా ఏడు జిల్లాల్లో నడిచిన పథకంలో రైతులే వాననూ బోర్ల మట్టాన్నీ కొలిచి, రబీకి ముందు నీటి లెక్క వేసుకుని పంటలు ఎంచుకున్నారు. శింగనమల మండలం మదిరేపల్లిలో కొత్త బోర్లు వేయకూడదని, ఉన్న నీళ్లు పక్కవారితో పంచుకోవాలని రైతులు కట్టుబాటు చేసుకున్నారు. చదువు పెద్దగా లేనివాళ్లు ఇలాంటి లెక్కలు వేయలేరన్న మాటకు ఈ ఊళ్లే జవాబు. కొత్త పాయింటు చూపించుకునే ముందు పక్క రైతుతో కూర్చోండి, మీ బోర్ల మట్టం కలిసి కొలవండి, ఇంకినదానికి మించి తోడకండి.